కంపోజిటర్ గారు అడిగిన నాలుగు లైన్లు

పోయిన వేసవిలో ఒక మామిడితోట కాపలాదారు పని పోగొట్టింది నేను. ఈ మాట అచ్చులో ఒప్పుకోమని నన్ను ఏడాదిగా అడుగుతూ వచ్చిన మనిషి మొన్న బుధవారం పొద్దున పోయారు. నూజివీడులో శుభలేఖలూ, కరపత్రాలూ, మామిడిపెట్టెల మీద అంటించే కాగితాలూ అచ్చువేసే చిన్న ప్రెస్సులో ఆయన కంపోజిటరు. మీ చేతిలో ఉన్న ఈ ఒంటికాగితం పత్రికలో ఇంతవరకు వచ్చిన ప్రతి అక్షరాన్నీ ఆయనే ఏరి పేర్చారు. ఈ సంచిక మాత్రం మెషిన్ నడిపే ఆయన తీరిక చేసుకుని పేర్చారు. అలవాటు లేని పని. తప్పులుంటే ఆయన్ని అనకండి.

కబురు టీకొట్టు దగ్గర తెలిసింది. బస్సు కోసం నిలబడి ఉన్నాను. టీ కాచే ఆయన గ్లాసు కడుగుతూ, "మీ ప్రెస్సాయన పోయారంటగా," అన్నాడు. "ఏ ప్రెస్సాయన?" అన్నాను. నాకు తెలిసిన ప్రెస్సాయన ఒక్కరే. అయినా అడిగాను.

మూడు నెలలుగా నేను ఆ గుమ్మం తొక్కలేదు. ఎందుకో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

రెండేళ్ల కిందట పదహారు పేజీల రాతప్రతి పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. కాలేజీ మానేసి, దొరికిన కరపత్రమల్లా చదివి, లోకం ఎందుకిలా ఉందో నాకు తెలిసిపోయిందన్న వేడిలో ఉన్న రోజులు. ఆయన నుంచునే కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కో కాగితం తిప్పారు.

"ఏంటబ్బాయ్ ఇది, పుస్తకమా?"

"పత్రికండీ. తొలి సంచిక."

"మొదటి మూడు పేజీలూ పత్రిక ఎందుకు పెడుతున్నావో చెప్పావు. పెట్టేశావుగా, ఇంకా చెప్పడం దేనికి? పెళ్లికి పిలిచి, పెళ్లెందుకు చేస్తున్నామో గంటసేపు చెబితే వచ్చినవాళ్లు భోజనం చెయ్యకుండా పోతారు."

పదహారు పేజీలు చివరికి రెండయ్యాయి. ఆశ్చర్యార్థకం గుర్తులు అక్షరాలుండే తన కేసులో పన్నెండే ఉన్నాయనీ, నేను రాసిన తీరుకి మొదటి పేజీకే చాలవనీ చెప్పి, ఒక్కటి కూడా వేయలేదు. పేరు కింద 'ప్రతి పదిహేను రోజులకూ' అని వేయమన్నాను. "వద్దు. 'వీలైనప్పుడు' అని వేద్దాం. చెప్పిన రోజుకి రాని కాగితం కోసం ఎవరూ ఎదురుచూడరు," అన్నారు. నేను వినలేదు. మూడో సంచిక రెండున్నర నెలలు ఆలస్యమైంది. "ఏ నెలదని వెయ్యమంటావ్?" అని మాత్రం అడిగారు.

రెండో సంచికకు ఆవేశంగా ఒక సంపాదకీయం రాసుకెళ్లాను. సగం పేర్చి ఆపేశారు.

"ఈ వాక్యం నీది కాదు."

"నాదేనండీ."

"ఇదివరకు దీన్ని మూడుసార్లు పేర్చాను. ఒకసారి రిక్షావాళ్లకి, ఒకసారి బీడీలు చుట్టేవాళ్లకి, ఒకసారి ఎలక్షన్లకి. నా వేళ్లకి కంఠతా వచ్చేసింది. కేసు వంక చూడకుండా పేర్చగలను. నువ్వు కళ్లతో చూసింది తీసుకురా. చూసి చూసి పేర్చాల్సిన వాక్యం తీసుకురా."

ఆ మాటకు నాకు వారం రోజులు అన్నం సయించలేదు.

ఆయన పద్ధతులు ఆయనవి. ప్రూఫు తీశాక తానే పైకి చదివేవారు. వినేది మెషిన్ నడిపే ఆయన. ఆ మనిషి మెషిన్ ఆపి వింటే ఆ పేరా ఉంచేవారు. కాళ్ల వంక చూసుకున్నాడంటే కొట్టేసేవారు. పాఠకుల దగ్గర నుంచి కార్డు వస్తే తీగకు గుచ్చి నా కళ్లకెదురుగా వేలాడదీసేవారు. దానికి జవాబు రాసేదాకా తరువాతి సంచిక మొదలుపెట్టనిచ్చేవారు కాదు. మధ్యాహ్నం కిరసనాయిలుతో, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని పెరుగన్నం తినేవారు. ఎంత కడిగినా కుడి బొటనవేలి మీద ఆ నలుపు పోయేది కాదు.

కళ్లతో చూసింది తెమ్మన్నారు కదా. ఒక తోటకి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ నేను చూసింది ఇది. గాలి వీచిన మర్నాడు చెట్ల కింద కాయ రాలి ఉంటుంది. కోతకొచ్చే ఆడవాళ్లు దాన్ని కొంగుల్లో పోసుకుని ఇంటికి తీసుకెళతారు. కొంత పచ్చడికి, మిగిలింది కోసి ఎండబెట్టి ఒరుగులకు. వానాకాలం అంతా వాళ్ల పప్పులో పులుపు ఆ ఒరుగులే. వాళ్లు ఏరుకునేంతసేపూ కాపలా ఆయన బావి దగ్గర మొహం కడుక్కుంటూ ఉంటాడు. ఒక మొహానికి అన్ని నీళ్లు ఎవరూ పొయ్యరు. తోట గుత్తకు తీసుకున్న వ్యాపారి కూడా గాలి వచ్చిన మర్నాడు పొద్దున రాడు. ఎండెక్కాకే వస్తాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. ఏళ్లుగా అలా జరుగుతోంది.

నేను దాన్ని రాశాను. 'రాలుకాయ శ్రామికుల హక్కు' అని పెద్ద అక్షరాల శీర్షిక పెట్టి, తోట ఎక్కడుందో చెప్పి, కాపలా ఆయన పేరు వేసి, ఆయన్ని ప్రజల మనిషని పొగిడాను. రాసుకున్న రోజు గర్వంతో నిద్రపట్టలేదు.

కంపోజిటర్ గారు చదివి కాగితం బల్ల మీద పెట్టారు.

"వాళ్లని అడిగావా?"

"ఏమని, బాబాయ్?"

"రాస్తానని."

"ఇందులో అడిగేదేముంది? అందరికీ తెలిసిందేగా."

"అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. అది నడుస్తున్నదే అందుకు. పోనీ ఆ పేరన్నా తీసెయ్యరా."

"మీరు ఆ గుత్తదారు పెట్టెల కాగితాలు అచ్చువేస్తారు. అందుకే మీకు ఆయనంటే జాలి," అన్నాను. నా తండ్రి వయసు మనిషిని ఆ మాట అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. అక్షరాలు పేర్చే ఇనప స్టిక్కు చేతిలోకి తీసుకుని మొదటి లైను మొదలుపెట్టారు. పూర్తయ్యేదాకా నా వంక చూడలేదు.

నాలుగో రోజు గుత్తదారు మా కాగితం మడిచి పట్టుకుని ప్రెస్సుకొచ్చాడు. కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. బెంచీ మీద కూలబడ్డాడు.

"నాకు తెలీదనుకున్నారా? ఎన్నేళ్ల నుంచో తెలుసు. తెలీనట్టు ఉంటున్నాను. ఇప్పుడిది బెజవాడలో మా భాగస్తుడు చదివాడు. ఆయన ముందు తెలీనట్టు ఎలా ఉండమంటారు? ఇంతకీ ఇది రాసిందెవరండీ?"

కాగితం మీద ఉన్నది నా కలం పేరే. నేను కాగితపు కట్టల వెనక నిలబడి ఉన్నాను.

"పేర్చింది నేను. తప్పని తెలిసీ పేర్చాను," అన్నారు కంపోజిటర్ గారు.

ఊళ్లో ఎవరి దోపిడీ గురించైనా గంటసేపు మాట్లాడగలవాణ్ణి, ఆ రోజు ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను. ఆ తర్వాత గుత్తదారు పెట్టెల కాగితాల పని బెజవాడ ప్రెస్సుకి పోయింది. కాపలా ఆయన భార్యతో సహా తోటలోని పాక ఖాళీ చేసి, మంచం ఒంటెద్దు బండి మీద వేసుకుని ముసునూరు వైపు వెళ్లిపోయాడు. కొత్త కాపలా మనిషి వచ్చాడు. కంచె వెంట ముళ్లకంప వేశారు. ఆ తోటలో కోతకెళ్లే ఒకామె సంతలో నన్ను పట్టుకుంది.

"నువ్వేనంటగా బాబూ మాకు హక్కు ఇప్పించింది? చాలా సంతోషం. నువ్వు రాయనంతకాలం అది రాలుకాయ. రాశాక దొంగకాయైంది. మా పిల్లలకి ఇంకేమన్నా హక్కులుంటే దయచేసి రాయమాక."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

అప్పటి నుంచి ప్రతి సంచికకూ ఆయన మొదట అడిగేది ఒకటే. "ఆ నాలుగు లైన్లు తెచ్చావా?" తప్పు మొదటి పేజీలో చేశావు కనుక మొదటి పేజీలోనే ఒప్పుకోవాలనీ, వెనక పేజీ మూలన వేస్తానంటే పేర్చననీ అనేవారు. నా దగ్గర ఎప్పుడూ ఒక కారణం సిద్ధంగా ఉండేది. పని తీసేసింది గుత్తదారు, నేను కాదు. నిజం రాయడం తప్పెలా అవుతుంది. ఒప్పుకుంటే శత్రువు చేతికి కత్తి ఇచ్చినట్టే.

"శత్రువు సంగతి తర్వాత చూద్దువుగాని. కాపలా ఆయన ఏం తింటున్నాడో కనుక్కున్నావా?"

కనుక్కోలేదు.

మూడు నెలల కిందట ఇదే మాట మీద పెద్ద గొడవైంది. అప్పటికే ఆయనకు ఆయాసం ఎక్కువగా ఉంది. ఒక లైను పేర్చి స్టూలు మీద కూర్చునేవారు. "మీకు భయం, బాబాయ్. అన్నిటికీ భయం," అన్నాను. "భయమేరా," అన్నారాయన. "అచ్చు కానంతవరకు అక్షరం నా మాట వింటుంది. పీకేస్తే ఊడొస్తుంది. అచ్చయ్యాక నా మాట వినదు, నీ మాటా వినదు. ఎవరి ఇంటికి పోతుందో, ఏం చేస్తుందో. ఇన్నేళ్ల నుంచీ స్టిక్కు పట్టుకున్నప్పుడల్లా నాకు భయమే. నీకు లేదే అనే నా బాధ." నేను విసురుగా బయటికొచ్చేశాను. ఆయన నాతో ఆడిన ఆఖరి మాట అదే అయింది.

బుధవారం వాళ్లింటికి వెళ్లేసరికి స్నానం చేయించి వసారాలో పడుకోబెట్టారు. బొటనవేలి నలుపు అలాగే ఉంది. ఆయన భార్య నన్ను గుర్తుపట్టారు. "నీ మీద కోపం లేదయ్యా ఆయనకి. చివరి రెండు రోజులూ మాట సరిగా రాలేదు. కాగితం వచ్చిందా, కాగితం వచ్చిందా అని అడిగేవారు. ఏ కాగితమో నాకు తెలీలేదు," అన్నారు. నాకు తెలుసు.

జి. కొండూరులో ఇద్దరు తమ్ముళ్లు కొత్తగా పత్రిక పెడుతున్నారట, నన్ను సలహా అడిగారు. తమ్ముళ్లూ, సలహా చెప్పాల్సిన మనిషి పోయారు. నాకు తెలిసింది ఇదీ: మీరు రాసింది మొదట ఎవరి గురించి రాశారో వాళ్లకు చదివి వినిపించండి. వద్దంటే మానెయ్యండి. ఎంత గొప్ప నిజమైనా సరే. నేను ఆ పని ఈసారే మొదటిసారి చేశాను. శుక్రవారం ముసునూరు వెళ్లి కాపలా ఆయన్ని వెతికి పట్టుకున్నాను. కూలి దొరకడానికి ఇవి వరికోతల రోజులు కూడా కావు, ఎవరి దొడ్లోనో పేడ ఎత్తుతున్నాడు. ఈ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. తనని పొగిడిన ఒక వాక్యం కొట్టేయించాడు. "ఇప్పుడు దాచేదేముంది, రాసుకో. పేరు మాత్రం వద్దు," అన్నాడు. అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు. నీ పని తిరిగి ఇమ్మని గుత్తదారుని అడగమంటావా అంటే, "అడుగు. గట్టిగా మాత్రం అడక్కు," అన్నాడు.

కంపోజిటర్ గారూ, ఇవిగో మీ నాలుగు లైన్లు, మొదటి పేజీలో.

రాలుకాయ సంగతి ఎవరినీ అడక్కుండా రాసింది నేను.
మీరు వద్దన్నా కాపలా ఆయన పేరు వేసింది నేను.
ప్రెస్సులో దాక్కుని మిమ్మల్ని మాట పడనిచ్చింది నేను.
ఇందులో వాళ్ల తప్పు గానీ మీ తప్పు గానీ లేదు.

నిన్న సాయంత్రం గాలి వీచింది. ఇవాళ పొద్దున ఆ తోట పక్క నుంచి నడిచి వచ్చాను. చెట్ల కింద కాయ పరుచుకుని ఉంది, తొడిమల దగ్గర సొన కారి నల్లబడుతోంది. పనికొచ్చిన ఆడవాళ్లు వరసగా దాని మధ్య నుంచే నడిచిపోతున్నారు. ఒక్కరూ కిందికి చూడటం లేదు. కాలికి తగిలిన కాయను కూడా చూడనట్టే దాటుతున్నారు.

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ప్రెస్సు ముందుకు రండి. ముందు కంపోజిటర్ గారిని తలుచుకుందాం. తర్వాత అందరం గుత్తదారు ఇంటికి నడిచి వెళ్లి, పని తిరిగి ఇమ్మని కాపలా ఆయన తరఫున అడుగుదాం. జెండాలు వద్దు, నినాదాలు వద్దు. ఈ కాగితం ఆయన ముందు నేను చదువుతాను. రాసింది నేనేనని నా నోటితో చెబుతాను. మీరు నా వెనక నిలబడితే చాలు. నాలుగు గంటలకు.