సుబేదారు గారి కట్టు

మిలిటరీ వర్క్‌షాపులో ఇన్‌స్పెక్షన్ రోజున బండి కింద ఆయిల్ చుక్క కనబడిందా, సుబేదార్ లక్ష్మీపతికి ఆ పూట అన్నం సయించేది కాదు. చుక్క ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది తరవాతి సంగతి, ముందు అది కనబడకూడదు. కారే చోట బిగించి, గుడ్డతో తుడిచి, పైన ఇంత రంగు పూసేస్తే కర్నల్ సాబ్ మెచ్చుకుని వెళ్ళిపోయేవాడు. అలా ఢిల్లీ కంటోన్మెంట్లో మెప్పులు పొందుతూనే రిటైరై, ఆ దగ్గర్లోనే ఉన్న ద్వారకలో ఫ్లాటు కొనుక్కున్నాడు. అలవాటు మాత్రం రిటైరవలేదు. ఎవరింట్లో కుళాయి కారినా టేపు చుట్టతో తయారయ్యేవాడు.

"మన వంటింటి కుళాయి కన్నా దానికి మీరు చుట్టిన టేపే లావుగా ఉందండీ," అనేది భార్య సత్యవతి.

అదే యూనిట్లో వంట చేసిన చెన్నకేశవులు కడప వైపు మనిషి. రిటైరయ్యాక ఢిల్లీ శివార్లలో నజఫ్‌గఢ్ అవతల కాస్త పొలం కౌలుకు తీసుకుని, పాత ట్రాక్టరొకటి కొని, గోంగూర, చుక్కకూర పండించి ద్వారకలోని తెలుగువాళ్ళ ఇళ్ళకు వేసేవాడు. ప్రతి ఆదివారం మొదటి కట్ట సుబేదారు గారి గుమ్మానికే.

ఒక ఆదివారం గోంగూరతో పాటు ఓ సమస్య కూడా తెచ్చాడు.

"సాబ్, ఇంజన్ ఆయిల్ చూసే డిప్‌స్టిక్ పుల్ల వదులైపోయింది. దున్నుతాంటే ఎగిరి పైకొస్తాంది. ఇంజనంతా ఆయిలే. ట్రాక్టర్లు బాగుచేసే మిస్త్రీకి చూపిద్దామా?"

"నేనుండగా మిస్త్రీ ఎందుకోయ్?"

లక్ష్మీపతి పానాల సంచీతో పొలానికి వెళ్ళాడు. పుల్లకు రబ్బరు చుట్టి లోపలికి దిగ్గొట్టాడు. పైన ఇనప తీగ మెలిపెట్టి ఇంజనుకే కట్టేశాడు. గుడ్డతో తుడిచి చూస్తే ఎక్కడా చుక్క లేదు. పాత ఇన్‌స్పెక్షన్ల సంతోషమంతా ఒక్కసారి పొంగుకొచ్చింది.

"మరి పొద్దున్నే ఆయిల్ చూసుకోవద్దా సాబ్?"

"నిండుగా పోశాం కదా. నేను చెప్పేదాకా కట్టు విప్పకు."

"ఠీక్ హై సాబ్."

మిలిటరీ వంటవాడికి సుబేదారు మాటంటే ఆర్డరు. విప్పలేదు. శీతాకాలపు విత్తనం వేసే అదనులో, సాలు మధ్యలో, ఇంజను కీచుమని పట్టేసింది.

కబురు విని లక్ష్మీపతి పరుగున వెళ్ళాడు. ఈసారి తీరిగ్గా చూశాడు. ఇంజను ఊపిరి వదిలే గొట్టంలో వేలు పెడితే మట్టి రాలింది. కందిరీగ గూడు! ఆ దారి మూసుకుపోబట్టే లోపలి గాలి డిప్‌స్టిక్కును తోసుకుని వచ్చింది. పుల్ల దారి కూడా తను మూసేసరికి ఆ గాలి వెనక ఆయిల్ సీలును చీల్చుకుని పోయింది. ఆయిలంతా దున్నిన మట్టిలో, ఎవరి కంటా పడకుండా ఇంకిపోయింది.

"పాత ఇంజను గదా సాబ్, దాని ఆయుస్సు తీరింది," అన్నాడు చెన్నకేశవులు టీ గ్లాసు అందిస్తూ. "మీ కట్టు మాత్రం ఇంత గూడా కదల్లే! మా సుబేదార్ సాబ్ కట్టినాడని మిస్త్రీకి గూడా చూపించినా."

"ఏమన్నాడు?"

"నవ్వినాడు సాబ్. మెచ్చుకున్నట్టే ఉండాడు."

లక్ష్మీపతి తీగ విప్పి పుల్ల బయటికి లాగాడు. పొడిగా వచ్చింది.

"అయ్యో! తప్పు నాదే సాబ్. ఒక్కసారి అడిగింటే మీరే విప్పమనేవోళ్ళు."

'నేనే కదా వద్దన్నాను' అనబోయి, సుబేదారు ఆ తీగను చుట్ట చుట్టి సంచీలో వేసుకున్నాడు. టీ బాగుందని చెప్పి వచ్చేశాడు.

కిరాయి ట్రాక్టరు దొరికేసరికి అదను దాటింది. ఆకుకూర కట్టలు చిన్నవయ్యాయి. ఆదివారం బెల్లు మోగినప్పుడల్లా సత్యవతి "ఇవాళైనా అతనికి నిజం చెప్తారా?" అనేది. "చెప్తాను," అనేవాడు. గోంగూర పచ్చడి గిన్నె పక్కకు జరిపేవాడు.

ఆ శీతాకాలం చివర్లో చెన్నకేశవులు హుషారుగా వచ్చాడు. "సాబ్, మా కిరాయి ట్రాక్టరోడి బండి గూడా ఆయిల్ కారుతాంది. మీ సంగతి చెప్పినా. ఎప్పుడొస్తారు?"

"మిస్త్రీకి చూపించమను."

"మీరుండగా మిస్త్రీ ఎందుకు సాబ్?"

లక్ష్మీపతి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "నేనుండబట్టే నీ బండి పోయిందోయ్. నా కట్టు వల్లే పోయింది. అప్పుడే తెలిసింది నాకు."

చెన్నకేశవులు చేతిలోని కట్టలు అటూ ఇటూ సర్దుకున్నాడు. "ఊరుకోండి సాబ్," అన్నాడు, ఆయన వైపు చూడకుండా. "టీ తాగిపో బాబూ," అని సత్యవతి పిలిచేలోగా లిఫ్టు మూసుకుంది.

మరుసటి ఆదివారం బెల్లు మోగలేదు. తలుపు తీసి చూస్తే గోంగూర కట్ట గడియకు వేలాడుతోంది. ముడి చాలా వదులుగా ఉంది, ఆకులు కొన్ని అప్పటికే కింద రాలాయి.