ఏడు సంతకాల కోసం మూడు ఊళ్ళు

అనంతపురం బస్టాండులో హిందూపురం బస్సు ఆరున్నరకు కదలాలి. ఏడయినా డ్రైవరు టీ తాగుతూనే ఉన్నాడు. కిటికీ పక్క సీటు దొరికింది గనుక నాకూ తొందర లేదు. అది 1979 చలికాలం. నేనొక న్యాయవాది దగ్గర టైపిస్టుని. ఊరు దాటి ఒంటరిగా వెళ్ళడం అదే మొదలు.

ఎందుకు బయల్దేరానో చెప్పాలి. మా జిల్లాలో పట్టుదారం తీసేవాళ్ళు, చీరలు నేసేవాళ్ళు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఏడుగురు సంతకం పెడితే సంఘాన్ని రిజిస్టరు చేయవచ్చని తెల్లవాళ్ళ కాలం నాటి చట్టం చెబుతుంది. అయినా రిజిస్ట్రారు ఆఫీసు నుంచి దరఖాస్తు తిరిగొచ్చింది. కార్మికుడంటే ఒకరు 'పనిలో పెట్టుకున్న' మనిషని ఆ చట్టంలోనే ఉంది. ఇళ్ళల్లో పనిచేసుకునే మీకు యజమాని ఎవరని ఆఫీసువాళ్ళ ప్రశ్న. షావుకారు పట్టు ఇస్తాడు, చీర తీసుకుంటాడు, యజమానినని మాత్రం ఒప్పుకోడు.

మా వకీలుగారు, జెనీవాలో అన్ని దేశాలూ కలిసి కార్మికుల కోసం రాసుకున్న ఒప్పందం ఒకటి వెతికి పట్టారు. గ్రామాల్లో వ్యవసాయం, చేతిపనులు చేసేవాళ్ళు, కూలికి చేసినా సొంతంగా చేసుకున్నా, ముందుగా ఎవరి అనుమతీ లేకుండా సంఘం పెట్టుకోవచ్చని అందులో ఉంది. రెండేళ్ళ కిందట మన దేశం దానికి ఒప్పుకుంది కూడా. "బయట ఒప్పుకొని వచ్చినాక ఇంట్లో చట్టం మార్చుకోవద్దా?" అంటూ ఆయన ఆఫీసుకు కొత్త దరఖాస్తు, ఢిల్లీకి ఒక విన్నపం తయారుచేశారు. రెండింటికీ ఆ ఏడుగురి సంతకాలు కావాలి. ఆయనకు మోకాలి నొప్పి. ఒప్పందాన్ని తెలుగులోకి రాసింది నేనే కాబట్టి నన్ను పంపారు.

దారి పొడవునా పొగమంచు. గుండ్రాళ్ళ గుట్టలు మంచులోంచి పైకి లేచి, మళ్ళీ మునిగిపోతున్నాయి. నిద్రో మెలకువో తెలియకుండా గంటన్నర గడిచింది. పక్కన మడకశిర రైతు ఒకాయన కూర్చున్నాడు.

"హిందూపురానికి ఏం పనిమీద పోతాండావమ్మా?"

"సంతకాలు పెట్టించుకోవడానికి."

"పెడితే దుడ్లిస్తారా?"

"ఇవ్వరండీ."

"మల్ల ఎవురు పెడతారమ్మా!" అని జాలిగా చూసి, రుమాలులోంచి రెండు వేయించిన చెనక్కాయలు తీసిచ్చాడు.

పదిన్నరకు దిగాను. పట్టుగూళ్ళ మార్కెట్టు వెనక సందులో దారం తీసే అన్నదమ్ములిద్దరి ఇల్లు. గది నిండా ఆవిరి. మరిగే నీళ్ళలో తెల్లటి గూళ్ళు తేలుతూ తిరుగుతున్నాయి. వాళ్ళ వేళ్ళు నాని ముడతలు పడ్డాయి. నీళ్ళలోంచి చక్రం మీదికి దారం పోతోందట; తలుపులోంచి ఎండ పడినప్పుడు తప్ప నాకది కనపడలేదు. ఏమీ లేనిచోట చేతులు ఆడిస్తున్న మనుషుల్లా ఉన్నారు. అరగంటలో ఇద్దరూ సంతకాలు పెట్టారు. పట్టుకొని చూస్తే కాగితం మూల తడిగా ఉంది.

బస్టాండు దగ్గరి లాడ్జిలో ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వడం కుదరదన్నారు. అది విని అన్నదమ్ముల్లో పెద్దాయన భార్య నా సంచి లాక్కుని, "మా ఇండ్లు ఉండంగా లాడ్జి ఏమిటికి?" అంది. రాగి సంగటి, చెనక్కాయల చట్నీ తిని ఎనిమిదికల్లా పడుకున్నాను.

మర్నాడు ఎనిమిదింటికి పాసింజరు. అప్పటికింకా మీటరుగేజి లైను. పెట్టె ఊయలలా ఊగేది. తొమ్మిదిన్నరకు పెనుకొండలో దిగి, జట్కాలో ఊళ్ళోకి వెళ్ళాను. కొండ మీది కోటగోడ ఎంత దూరం పోయినా పక్కనే నడిచొస్తున్నట్టుంది.

ఇక్కడ సంతకం పెట్టాల్సింది మహబూబ్బీ. ఇద్దరు పిల్లల్ని ఒక్క చక్రం మీద పెంచిన విధవరాలు. నన్ను చూడగానే ఆమె ముఖం వాడిపోయింది.

"పెట్టలేనమ్మా. సంఘంలో ఉంటే నీకు గూళ్ళు ఇయ్యనని నిన్న షావుకారు మనిషి చెప్పిపోయినాడు. గూళ్ళు లేకుంటే పొయ్యి ఎట్ల ఎలిగేది?"

నేను బలవంతపెట్టలేదు. ధర్మవరంలో నలుగురూ పెట్టినా ఆరే అవుతాయి, ఆరు సంతకాలతో దరఖాస్తు చెల్లదని తెలిసీ లేవబోయాను. ఆమే కూర్చోమంది. "ఇంత దూరం తెచ్చినావు, ఏముండాదో సదువు."

చదివాను. సొంతంగా పనిచేసుకునేవాళ్ళ మాట వచ్చినచోట ఆమె చక్రం ఆపింది.

"యాడ రాసినారు దీన్ని?"

"జెనీవా అని చాలా దూరం. అన్ని దేశాలవాళ్ళూ కూర్చుని రాశారు."

"వాళ్ళకు నేను తెలుసునా?"

"తెలీదు."

"తెలీకుండానే నా గురించి రాసినారా?" అని నీళ్ళలో గూళ్ళు ఒకసారి కలియబెట్టింది. తర్వాత చెయ్యి తుడుచుకుంది. "సంతకం పెట్టను. ఆ కాయితం మాత్రం నాకిచ్చిపో."

నా దగ్గర ఉన్న తెలుగు ప్రతి అదొక్కటే. ఇచ్చేశాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బాలో దాచింది.

మధ్యాహ్నం రెండింటి బండి నాలుగున్నరకు ధర్మవరం చేర్చింది. దారంతా కళ్ళు మూసుకుని, నేను రాసిన వాక్యాలు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. చక్రాల చప్పుడులో అవి ఒక్కొక్కటే జారిపోతున్నాయి. ఆరు సంతకాలతో తిరిగి వెళ్ళి వకీలుగారికి ఏం చెప్పాలో తోచలేదు.

నారాయణప్ప ఇంట్లో బస. యాభై దాటిన మనిషి, సంఘానికి పెద్ద. గుంత మగ్గంలో కాళ్ళు పెట్టుకునే మాట్లాడతాడు. మరో ముగ్గురు నేతగాళ్ళు వచ్చి కూర్చున్నారు. మహబూబ్బీ సంగతి చెప్పాను. ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు. "సదువమ్మా" అన్నారు.

చదవడానికి కాగితం లేదు. గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పాను. 'పూర్వానుమతి ప్రమేయం లేకుండా' అని నేను గొప్పగా రాసిన ముక్క నోటికి రాలేదు. "సంఘం పెట్టుకోవడానికి ఎవర్నీ అడగబన్లేదు" అనేశాను.

"ఎవుర్నీనా?" అన్నాడు ఒకాయన.

"ఎవర్నీ."

మళ్ళీ ఆయనే అన్నాడు, "అది పల్లెలోళ్ళకంటివే. ధర్మవరం టవును గదమ్మా?"

"మన ఈదికి రోడ్డుండాదా, కొళాయుండాదా? ఇది పల్లె కాకుంటే ఇంకేమప్పా?" అన్నాడు నారాయణప్ప. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆఫీసువాళ్ళు అదే అడుగుతారు.

నలుగురూ సంతకాలు పెట్టారు. హిందూపురంవి రెండు, ఇవి నాలుగు. ఏడోది ఎవరిదని తర్జనభర్జన. ఈ వీధిలో మిగిలినవాళ్ళంతా షావుకారుకు భయపడేవాళ్ళే. అప్పుడు గోడవార రాట్నం దగ్గర నేతకు దారం కండెలు చుడుతున్న నారాయణప్ప భార్య ఓబుళమ్మ తలెత్తకుండానే అంది.

"నన్ను అడగరేమి?"

"నువ్వా? నువ్వు నేసేదానివి కాదే" అన్నాడు భర్త.

"నేను కండె చుట్టకుంటే నువ్వు ఏం నేస్తావు? గాలి నేస్తావా? నన్ను ఎవురూ పనిలో పెట్టుకోలే. పెండ్లయిన మర్నాటినుంచి చేస్తాండా. ఇది పని కాదనమను, రేపటినుంచి మానుకుంటా."

నారాయణప్ప మగ్గం గుంతలోంచి పైకి లేచాడు. ఆ సాయంత్రం ఆయన లేవడం అదే మొదటిసారి. కలం ఆమెకిచ్చి పక్కకు జరిగాడు. ఆమె అప్పటికప్పుడు పెట్టలేదు; ఆ రాత్రి నాతో అంతా ఇంకోసారి చెప్పించుకుని, తెల్లారి దీపం ఆర్పినాకే సంతకం పెట్టింది. ఓ, బు, ళ, మ్మ: ఒక్కో అక్షరానికీ ఆగి ఊపిరి పీల్చుకుంది. వృత్తి అన్నచోట ఏం రాయాలని అడిగితే, "కండెలు చుట్టేది" అంది.

మధ్యాహ్నం వరకు వాళ్ళ అరుగు మీద ఎండలో కూర్చున్నాను. ఎదురుగా ఎవరో వీధి పొడవునా మగ్గానికి ఎక్కించే పడుగు దారాలు సాగదీశారు. ఎర్ర పోగుల కింద నుంచి మేకపిల్లలు వంగి దాటుతున్నాయి. అంత నెమ్మదిగా గడిచిన పూట నా జీవితంలో మరొకటి లేదు.

మూడున్నరకు అనంతపురం బండి. ఎదుటి సీట్లో కొత్తచెరువు నుంచి వస్తున్న ఒక అవ్వ, గంప నిండా గుమ్మడికాయలు. బండి కదలగానే ఢిల్లీ విన్నపం తీసి, వకీలుగారి ఇంగ్లీషు పేజీల వెనక పెన్సిలుతో అదే విన్నపాన్ని తెలుగులో మళ్ళీ రాయడం మొదలుపెట్టాను.

"ఏం రాస్తాండావు పాపా?"

"ఢిల్లీకి ఉత్తరం, అవ్వా. చట్టంలో ఒక మాట మార్చమని."

"ఒగ మాటకేనా ఇంత రాసేది?"

'పనిలో పెట్టుకున్న' అని ఉన్నచోట 'పనిచేసే' అని ఉండాలని చెప్పాను. అవ్వ రెండు మాటలూ పెదవులతో అని చూసుకుంది. "రెండోది బాగుండాది" అని గంప పక్కకు జరిపి, నా కాగితాలకు చోటిచ్చింది.

ఏడు నెలల తర్వాత సంఘానికి రిజిస్టరు నంబరు వచ్చింది. టవునా పల్లెనా అని ఎవరూ అడగలేదు. మహబూబ్బీ మరుసటి ఏడు చేరింది. ఢిల్లీ నుంచి, ఉత్తరం అందిందని ఒక కార్డు వచ్చింది, అంతే. ఇది రాసే నాటికి చట్టంలో ఆ మాట అలాగే ఉంది. ఆ దారిన వెళ్ళేవాళ్ళు హిందూపురంలో ఉదయం పాసింజరు ఎక్కండి. కిటికీ దగ్గర కూర్చోండి, పెనుకొండ కోటగోడ చాలా దూరం మీతో నడిచొస్తుంది.