టైలరక్క కొలిచిన సందు

మురుగుకాలవ పక్క సందులో టైలరక్క చేత జాకెట్టు కుట్టించుకోని ఆడమనిషి లేదు, కుట్టించుకుని సణగని మనిషీ లేదు. ఆవిడకు ఒకటే పిచ్చి, లోపల కాస్త గుడ్డ ఎక్కువ వదలాల్సిందే. "రేపు ఒళ్ళు చేస్తే విప్పుకుంటావులే" అనేది, ఎదురుగా నిలబడింది పెళ్ళికూతురైనా సరే.

ఆ సందులో పక్కా ఇళ్ళు కట్టడానికి హౌసింగ్ ఆఫీసు ఒప్పుకుంది. రేకుల ఇళ్ళు విప్పేసి అందరూ పక్కనున్న గోడౌనులో తలదాచుకున్నాక, ఇంజినీరమ్మ వచ్చి ఖాళీ నేల చూపించింది. కొళాయి నుంచి ప్రహరీ దాకా ఎవరి ఇల్లు ఎంతో మీరే సున్నంతో గీసుకోండి, అందరూ సరేనంటేనే పునాది తీస్తాం, చోటు చాలనివాళ్ళకు ఊరి చివర అపార్టుమెంట్లలో ఇస్తాం అని చెప్పింది.

టేపు టైలరక్కది కాబట్టి పెత్తనమూ ఆవిడదే. కొళాయి దగ్గర చెప్పులు కుట్టేవాడి ఇంటితో మొదలుపెట్టింది. చెయ్యి ఊరుకుంటుందా? "రేపు నీకు కోడలొస్తుంది, ఇల్లు కూడా ఒళ్ళు చేస్తుంది. ఓ జానెడు వదులుదాం" అంది. పక్కింట్లో కవలలు, వాళ్ళకూ జానెడు. అలా వదులుకుంటూ పోయింది. వద్దన్నవాడు ఒక్కడు లేడు, ఎందుకంటాడు?

చివరి ఇళ్ళు రెండు, ఆడపడుచుది, తనది. చూరు నీళ్ళు ఎవరి వైపు పడాలన్న తగువుతో ఆ ఇద్దరికీ మాటల్లేవు. అయినా ఆవిడకూ జానెడు వదిలింది, మాట వేరు, కొలత వేరు. ఇక తన ఇల్లు గీద్దామని చూస్తే ప్రహరీకి ఇవతల మంచం వేస్తే మనిషి పట్టని ఇరుకు మిగిలింది.

సందంతా పగలబడి నవ్వింది. "అందరికీ వదిలావు, మనకేదే?" అన్నాడు ఆటో నడిపే మొగుడు. తనూ నవ్వబోయింది గానీ, ఊరి చివర అపార్టుమెంట్లు కళ్ళ ముందు మెదిలాయి. జాకెట్టు కుట్టించుకోడానికి అంత దూరం ఎవరొస్తారు?

సిగ్గు విడిచి అడగడానికి వెళ్ళింది. చెప్పులు కుట్టేవాడు అప్పటికే గీతల మధ్య కుర్చీ వేసుకుని దర్జాగా కూర్చున్నాడు.

"అక్కా, గోడలోంచి వస్తున్నావు. తలుపు అటుంది."

చుట్టూ తిరిగి, లేని తలుపులోంచి లోపలికి వెళ్ళి, ఆ జానెడు వెనక్కిమ్మని అడిగింది.

"ఇప్పుడే కదక్కా సర్దుకున్నాం" అని నసిగాడు.

పక్క గీతల్లో కవలల తల్లి చాప పరిచి పిల్లల్ని జోకొడుతోంది. "మెల్లిగా మాట్లాడక్కా, లేస్తారు" అంది.

టైలరక్క కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగేసరికి, ఆడపడుచు చీపురు పట్టుకుని చెప్పులు కుట్టేవాడి గోడలోంచే సరాసరి దూసుకొచ్చింది.

"దాని ధర్మమా అని అందరూ కాళ్ళు బారజాపుకుని కూర్చున్నారే! అది మాత్రం ఊరవతలికి పోవాలా? లే, కుర్చీ తియ్యి!" అంటూ గీతను చీపురుతో ఊడ్చేసింది.

ఆవిడ నోటికి జడిసి కొందరు, సిగ్గుపడి కొందరు లేచారు. మళ్ళీ కొలిచారు, ఈసారి జానెళ్ళు లేవు. అన్నీ సర్దినా గోడ మందమంత చోటు తక్కువైంది. ఎవరైనా రెండిళ్ళవాళ్ళు ఒకే గోడతో సరిపెట్టుకుంటే కుదురుతుందంది ఇంజినీరమ్మ. అందరూ వదినామరదళ్ళ వైపు చూసి, వెంటనే చూపులు తిప్పేసుకున్నారు.

"మా ఇద్దరికీ ఒకటే గోడ పెట్టమ్మా" అంది ఆడపడుచు, మరదలి మొహం చూడకుండా. "పల్చగానే పెట్టు. దాని మిషను చప్పుడు వినపడకపోతే నాకు మధ్యాహ్నం కునుకు పట్టదు."

టైలరక్కకు ఏడుపు ఆగలేదు. సున్నం చేతిలోకి తీసుకుంది గానీ, కళ్ళనిండా నీళ్ళతో గీత వంకరపోయింది.

"వదినా, ఆ కొస పట్టుకో" అంది.

వదిన చీపురు పక్కన పెట్టి వచ్చి టేపు పట్టుకుంది.