సీరియస్ అనే మాట

ఈ ఉదయం ఫినాయిలుతో తుడిచిన వార్డు నేల ఇంకా ఆరలేదు. ఆ ఘాటు వాసనలో నిలబడి, కొత్తగా చేరిన నర్సు ఫోనులో "మీ నాన్నగారికి సీరియస్‌గా ఉంది, వెంటనే రండి" అంటోంది. ఆయన అప్పటికే పోయారు. దారిలో గుండె పగలకూడదని మన ఇళ్లల్లో అందరూ చెప్పే మాటే అది. ఆ పిల్లను ఏమంటాం? నాకు మాత్రం వరలక్ష్మి సిస్టరు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. అనకాపల్లిలో నాకు ఈ పని నేర్పిన హెడ్‌నర్సు ఆవిడ.

ఆ మాటంటే ఆవిడకు ఒళ్లుమంట. నేను చేరిన కొత్తలో రోలుగుంట నుంచి ఒక చెరకు రైతును ఆయాసంతో తెచ్చారు. డాక్టరుగారు చూసి, సీరియస్‌గా ఉంది, ఆక్సిజన్ పెట్టండి అన్నారు. కనిపెట్టుకుని ఉండాలని ఆయన ఉద్దేశం. రైతు బావమరిదికి మాత్రం ఇక ఆశ లేదనే అర్థమైంది. ప్రాణం ఇంట్లోనే పోవాలని ఆటో తెచ్చేశాడు. సిస్టరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఏటి బాబూ, బతికున్నోడ్ని మోసుకుపోతావేటి?"

"డాక్టరుగారే సెప్పేరు కదమ్మా, సీరియస్ అని."

"జాగర్తగా సూడమన్నారు. పోతాడన్లేదు."

రైతు భార్య చేయి తీసుకెళ్లి అతని గుండెల మీద పెట్టారు. "సూడమ్మా, ఊపిరాడతన్నాది. ఇది ఆగితే నేనే సెప్తాను. నీకు అబద్ధం సెప్పను." ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. ఆటో ఖాళీగా వెళ్లిపోయింది. కొన్నాళ్లకు రైతు కోలుకుని ఇంటికి వెళ్లాడు.

"బతికున్నోడికీ పోయినోడికీ ఒకే మాటైతే మనల్ని నమ్మేదెవులే?" అని సిస్టరు నన్ను కసిరేవారు. చావు కబురు చెప్పాలంటే, వినేవారి పక్కన ఎవరైనా ఉన్నారో లేదో ముందు అడిగి, ఆపైన ఉన్నదున్నట్టు చెప్పేవారు. నాకది కర్కశంగా తోచేది.

చివరికి ఆవిడా మా వార్డులోనే పోయారు. పాయకరావుపేటలో ఉన్న తమ్ముడికి చెప్పవలసిన పని నా మీద పడింది. సీరియస్ అని చెప్పేయమన్నారు అందరూ. నాకూ అలాగే అనేయాలనిపించింది. అయినా ఫోను చేసి, "మావయ్యగారూ, పక్కన ఎవరైనా ఉన్నారా? కూర్చోండి. సిస్టరుగారు పోయారు" అన్నాను.

ఆయన, "మా అప్ప కాడ ఎవులున్నారమ్మా?" అన్నారు.

"నేనున్నానండీ."

"అయితే దారంతా ఏడుసుకుంటా వత్తాను. నానొచ్చేదాకా దాన్ని ఒంటరిగా ఒదిలీకు తల్లీ."

ఆయన వచ్చేవరకు చల్లబడిన ఆ చేయి పట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ అలాంటి కబురు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ సీరియస్ అనే మాటే నోటిదాకా వస్తుంది. అయినా ఉన్నదే చెబుతాను. ఫోను పెట్టేశాక, వాళ్లు వచ్చేదాకా వాళ్ల మనిషి పక్కన కూర్చుంటాను.