కిలిమంజారో మీద అక్కకి కాపలా

మా ఇంటి ఆడవాళ్ళకి అనుమానం పుట్టుకతోనే వస్తుంది. మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో మాది బట్టల హోల్‌సేల్ దుకాణం. మా నాయన తర్వాత ఆయన చోట్లో కూర్చున్నది నేనే. ఎవరైనా ప్యూర్ కాటన్ అంటూ గుడ్డ తాను తెచ్చి ముందు పరిస్తే, మాట మాట్లాడకుండా ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగిస్తాను. కాగితం కాలిన వాసన వస్తే సరే. ప్లాస్టిక్ వాసన వచ్చి, పోగు కొసన నల్లగా గట్టి పూస కట్టిందా, తెచ్చినవాడు తాను చుట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోవచ్చు. అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో అది పెంపుడు భూతం. వేళకి తిండి పెట్టి మరీ సాకుతాం.

అలాంటి నా దగ్గరికి ఒక సాయంత్రం మా అక్క వచ్చి, ఆఫ్రికాలో కొండెక్కబోతున్నానని చెప్పింది. అక్క ఉండేది మైలాపూరులో. బళ్ళో పిల్లలకి వ్యాకరణం చెప్పి రిటైరైన మనిషి. బావ పోయి అప్పటికి రెండో ఏడు నడుస్తోంది. కూతురు పెళ్ళయి కోయంబత్తూరులో ఉంది. అంతవరకు అక్క ఎక్కిన కొండ తిరుమల ఒక్కటే, అది కూడా బస్సులో.

"ఏ కొండ?" అన్నాను.

"కిలిమంజారో. మా వాకింగ్ గుంపులో నలుగురం పోతా ఉండాం. ఆడ గైడు ఉంటాడు, మూటలు మోసేవాళ్ళు ఉంటారు, వంటాయన ఉంటాడు. మనం చుమ్మా, ఊరికే నడిస్తే చాలంట."

"చుమ్మా నడిచేదానికి మెరీనా చాలదా?"

అక్క కాఫీ తాగి లేచింది. గడప దగ్గర చెప్పులేసుకుంటూ, "సరి, పోతా ఉండా" అంది.

మా ఇళ్ళల్లో ఎవరూ గడప దాటేటప్పుడు ఆ మాట అనరు. పక్క వీధిలో కరివేపాకు కొనుక్కురావడానికైనా "పోయొస్తా" అనే వెళ్ళాలి. బయల్దేరేవాళ్ళని ఎక్కడికి అని అడగం, ఎంత దూరం అంటాం. చిన్నప్పుడు నేను ఒకసారి "పోతా" అని బడికి పరిగెత్తబోతే జడ పట్టి వెనక్కి లాగి, "పోయొస్తా అను" అని నాలుగుసార్లు అనిపించింది ఈ అక్కే. మాట జారే మనిషి కాదు.

ఆ తర్వాత ప్రతిదీ నా కంటపడడం మొదలైంది. బావ బీరువా ఖాళీ చేసి చొక్కాలన్నీ ఇచ్చేసింది. బాల్కనీలో కుండీలు కింది ఇంటావిడకి అప్పగించింది. ఇంటి తాళంచెవి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, "నీ కాడ ఉండనీ" అంది. వేరేవాళ్ళకైతే ఇవి ప్రయాణం ముందు ఎవరైనా చేసే పనులే. నేను మాత్రం ఒక్కొక్క పోగూ కాల్చి చూశాను. అన్నిటికీ ఒకే వాసన వచ్చింది. మా అక్క కొండెక్కడానికి కాదు, ఎక్కి మళ్ళీ దిగకుండా ఉండడానికి పోతోంది. ఈ మాట మా ఆయనతో అంటే, నీకు పిచ్చి పట్టిందా అన్నాడు. అక్కనే అడిగేద్దామంటే నోరు రాలేదు. దాంతో నేనూ వస్తానని పేరు ఇచ్చేశాను. అక్క నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు మేడ మెట్లెక్కితేనే ఆయాసపడతావు గదే" అంది.

మద్రాసులో కొండలెక్కడ? సాధన చేద్దామంటే అక్క మైలాపూరు రైల్వే స్టేషన్‌కి తీసుకుపోయింది. వంతెన మీద నడిచే రైలు కదా, స్టేషన్‌కి బోలెడు మెట్లు. వీపున బియ్యం ప్యాకెట్ల సంచి తగిలించుకుని ఎక్కేవాళ్ళం, దిగేవాళ్ళం, మళ్ళీ ఎక్కేవాళ్ళం. రైళ్ళు వచ్చి పోతున్నా ఎక్కని ఈ ఇద్దరు ఆడవాళ్ళని చూసి అక్కడి సెక్యూరిటీ ఆయనకి అనుమానం వచ్చింది. ఒకరోజు సంచి విప్పించి బియ్యం చూసి, రేషన్ బియ్యమా అని గుచ్చి గుచ్చి అడిగాడు. అక్కకి కోపం వచ్చింది గానీ నాకు మాత్రం ఆ మనిషి భలే నచ్చాడు.

ఆఫ్రికాలో మొదటిరోజంతా అడవి, సన్నటి వాన. కింద బురద, పైన నాచు వేలాడే చెట్లు. గైడు పొడుగాటి మనిషి. అందరికంటే ముందు, పెళ్ళినడకలా నింపాదిగా నడుస్తూ, వెనక్కి తిరగకుండానే "పోలే, పోలే" అంటున్నాడు. కాసేపటికి వెనకున్న అసిస్టెంటు గైడు కూడా అందుకున్నాడు, "పోలే, పోలే". మన మాటలో పోలే అంటే పోలేదు అనే కదా. పైకి పోయినవాళ్ళు ఎవరో శిఖరం దాకా పోలేదని వీళ్ళలో వీళ్ళు చెప్పుకుంటున్నారనుకున్నాను. వీళ్ళకి మన భాష ఎట్లా వచ్చిందన్న ఆలోచన కూడా రాలేదు, అంత భయంలో ఉన్నాను.

"అక్కా, ఎవురు పోలేదంట?" అన్నాను మెల్లిగా.

అక్క నడక ఆపి నా మొహం చూసింది. తర్వాత ఒక చెట్టువేరు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని, "వాళ్ళ భాషలో మెల్లిగా, మెల్లిగా అనేదానికి అట్లంటారే. పొద్దున గైడు మన గుంపుకి చెప్పలేదా? నువ్వు యాడ విన్నావు, నా మీద కన్నేసి కూర్చుంటివి" అంది.

బావ పోయాక అక్క అంతలా నవ్వడం చూడలేదు. సంతోషపడాల్సింది. నేను దానినీ అనుమానించాను. ఏదో ఒకటి తేల్చుకున్నవాళ్ళే అంత తేలిగ్గా నవ్వుతారని ఎక్కడో విన్నట్టు గుర్తు.

పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివయ్యాయి, తర్వాత పొదలయ్యాయి, చివరికి రాళ్ళే మిగిలాయి. మబ్బులు మా కాళ్ళ కిందికి పోయాయి. దారి అంచున లోయ కనబడినప్పుడల్లా నేను పోయి అక్కకి అటుపక్క నడిచేదాన్ని. "మందిలో నడిచినట్టు రాసుకుంటావేమే, ఇంత కొండ చాల్లేదా నీకు?" అని విసుక్కునేది. రాత్రి డేరాలో తను నిద్రపోయిందని తెలిశాకే నేను కళ్ళు మూసేదాన్ని.

దీనికి తోడు ఒక గుడ్డసంచి. స్వెట్టర్ల లోపల, అక్క మెడకి తాడుతో కట్టుకుంది. ఉండుండి చెయ్యి అక్కడికి పోయేది, నేను చూస్తే వెనక్కి వచ్చేది. నిద్రమాత్రలని తీర్మానించుకున్నాను. ఒక పొద్దున అక్క మొహం కడుక్కోవడానికి దాన్ని తీసి పరుపు మీద పెట్టింది. గబగబా ముడి విప్పాను. లోపల ఉప్పు పట్టించి ఎండబెట్టిన ఉసిరి ముక్కలు. ఇంకా అడుగున ఏమైనా ఉందేమోనని వేలు పెట్టి కెలుకుతుంటే అక్క వచ్చేసింది.

"నోరు చప్పబడితే వేసుకుందామని తెచ్చుకుంటే, అదీ కనిపెట్టినావా? నీకు చూపిస్తే ఒక పూటలో ఖాళీ చేస్తావనే దాచిపెట్టినా."

చెయ్యి నిండా తీసుకుని నోట్లో వేసుకున్నాను. పుల్లగా బాగున్నాయి. భయం మాత్రం పోలేదు.

ఆ కొండ మీద నాకు సాటివాడు ఒక్క గైడే. ప్రతి సాయంత్రం భోజనాల డేరాలో అందరి వేళ్ళకీ చిన్న క్లిప్పు తగిలించి, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసేవాడు. తలనొప్పి ఉందా, వాంతి అయిందా, ఆకలి వేస్తోందా అని అడిగేవాడు. అందరూ బ్రహ్మాండంగా ఉన్నామనేవాళ్ళు. ఆయన తలూపి, ఒక మూల నిలబడి, ఎవరి గిన్నెలో సూపు మిగిలిందో, ఎవరు తల పట్టుకున్నారో చూసేవాడు. కాసేపయ్యాక వాళ్ళ పక్కన చేరి మళ్ళీ అడిగేవాడు. ఇంత అనుమానం ఎందుకండీ అన్నాను ఒకసారి, నాకు తెలిసిన ఇంగ్లీషులో. బాగున్నానని చెప్పినవాళ్ళనే చాలామందిని స్ట్రెచర్ మీద కిందికి దించానన్నాడు. ఆ క్షణాన ఆయన మా వాషర్‌మెన్‌పేట్ మనిషే అనిపించింది.

చివరి క్యాంపుకి చేరిన మధ్యాహ్నం నా తల పగిలిపోతోంది. బాగున్నానని చెప్పాను. గైడు నా వేలికి క్లిప్పు పెట్టి చూశాడు, తీసి ఇంకో వేలికి పెట్టాడు. తర్వాత నేల మీద కర్రతో గీత గీసి దాని మీద నడవమన్నాడు. నడిచాననే అనుకున్నాను. చూస్తే సారాయి తాగినదానిలా ఇంకెక్కడో తేలాను. ఇప్పుడే కిందికి దిగాలి, అసిస్టెంటు తోడు వస్తాడు, ఇందులో మాట్లాడేదేం లేదన్నాడు.

శిఖరం నేనేం చేసుకోను? నేను లేకుండా అక్క పైకి పోతుందన్నదే నా ఏడుపు. "నువ్వూ దిగక్కా" అని చెయ్యి పట్టుకున్నాను.

"నాకేమయింది? బాగానే ఉండా. నువ్వు పో, రేపు కింద కలుస్తా" అంది.

బాగానే ఉండా. ఆ మాట వినగానే ఇంక ఆగలేకపోయాను. గైడుని పక్కకి పిలిచి, ఉన్నదంతా చెప్పాను. మా అక్క భర్త పోయాడు, ఆమె తిరిగి రావాలనుకోవట్లేదేమోనని నాకు భయం, చెయ్యి వదలొద్దు అన్నాను. ఆయన నవ్వలేదు, నన్ను పిచ్చిదానిలా చూడనూ లేదు. అక్కని తీసుకుపోయి దూరంగా ఒక రాతి మీద కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో అక్క ఒక్కసారి తలతిప్పి నావైపు చూసింది. ఆ చూపులో కోపముందో ఇంకేముందో అంత దూరం నుంచి తెలియలేదు. ఆయన తిరిగి వచ్చి, తీసుకువెళతాను, అడుగు దూరంలో నేనే ఉంటాను అన్నాడు.

దిగుతుంటే తలనొప్పి తగ్గిపోయింది, అదే పెద్ద శిక్షయింది. నొప్పి ఉన్నా బాగుండేది, దాన్ని తలుచుకుంటూ కూర్చునేదాన్ని. కింది క్యాంపులో వంటాయన పెట్టిన జావ ముట్టుకోకుండా, మర్నాడు పొద్దెక్కేదాకా దారి వైపే చూస్తూ ఉన్నాను. ప్రతి టోపీ అక్కలాగే కనిపించేది, దగ్గరికొస్తే ఇంకెవరో అయ్యేవాళ్ళు.

చివరికి వచ్చింది. మోకాళ్ళ దాకా అగ్నిపర్వతపు బూడిద, ముక్కు ఎర్రగా కాలిపోయింది, పెదాలు పగిలాయి. వెనకే గైడు, ఇంకా వెనక గుంపులో మిగతావాళ్ళు. ఆయన నాకు తల ఒకసారి ఊపి తన డేరాకి వెళ్ళిపోయాడు. అక్క స్టూలు మీద కూలబడింది. నేను అల్లం టీ చేతికిచ్చి, ఆమె బూట్ల ముడులు విప్పుతూ నేల మీద కూర్చున్నాను. ఏడుపు ఆగడం లేదు.

"చచ్చిపోయేదానికి వచ్చినానని చెప్పినావంట ఆయనతో" అంది.

నేను రెండో బూటు ముడి పట్టుకున్నాను.

"చచ్చిపోయేదానికి ఎవురన్నా కొత్త ఉన్ని మేజోళ్ళు రెండు జతలు కొనుక్కుంటారా?"

ఏడుపులోనే నవ్వొచ్చింది. "గడప కాడ పోతా ఉండా అంటివి గదా" అన్నాను.

"అన్నానా? ఏమో" అంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, పొగ వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది. "నువ్వు ఇప్పుడు అనుకున్నది నేను పోయినేడు అనుకున్నా. ఇంట్లో, ఒక్కదాన్నే ఉండేటప్పుడు. అప్పుడు నీకు అనుమానం రాలే."

నా చేతులు బూటు మీద ఆగిపోయాయి.

"వారం వారం వస్తివి. కాఫీ తాగితివి. బాగుండావా అక్కా అంటివి. బాగుండా అంటే నమ్మేస్తివి. ఊర్లో ఎవుర్నీ నమ్మవు, నన్ను మాత్రం నమ్మేస్తివి."

"మళ్ళా?" అన్నాను.

"మళ్ళా ఏముంది. తెల్లారింది, పాలతను బెల్లు కొట్టినాడు. కొన్నాళ్ళకి నేనే డాక్టరమ్మ కాడికి పోయినా, నీకు చెప్పలే. ఆ పైన వాకింగ్ వాళ్ళు పిలిచినారు, వాళ్ళతో నడిచినా."

నా నోటి నుంచి వచ్చింది మళ్ళీ ఆ పాత మాటే. "ఇప్పుడు బాగుండావా అక్కా?"

"బాగలే. మోకాళ్ళు వంగడంలే. సాయంత్రమైతే ఇంకా ఆయన స్కూటర్ చప్పుడు కోసం చెవి ఆడికే పోతాది. టీవీ పెట్టుకోకుంటే ముద్ద దిగదు. చావాలని మాత్రం లే."

"ఊ" అన్నాను.

అక్క గ్లాసు కింద పెట్టి, నా గడ్డం పట్టి మొహం తనవైపు తిప్పుకుంది.

"ఊరికే ఊ అనబాక. ఇంకా అడుగు" అంది.