చెరగని యాప్ కావాలన్న మా అన్న

ఈ రోజు బూర్గంపాడు చర్చిలో మా సుధాకరన్న పెళ్లి ప్రకటన మొదటిసారి చదివిండ్రు. "అభ్యంతరం ఉన్నోళ్లు లేవండి" అంటే ఎవ్వరూ లేవలే. ఆ ధైర్యంతో అన్న బయటికొచ్చి నన్నో సాయమడిగిండు.

మేమిద్దరం వాడేది బ్లాక్‌చెయిన్ సోషల్ నెట్‌వర్క్. అందులోకి ఎక్కింది ఎవ్వరూ చెరపలేరు. నచ్చిన పోస్టులు సేవ్ చేసుకోను రెండు యాప్‌లున్నయ్. ఒకటి ఫోన్లనే దాస్తది. ఇంకోటి చెయిన్ మీదికెక్కించి అందరికీ చూపిస్తది.

"ఏది మంచిది తమ్మీ? మొన్ననే నా ఫోను గోదాట్ల పడ్డది."

"అయితే రెండోదే అన్నా. ఫోను మునిగినా పోస్టులు మునగయ్."

అందరికీ కనిపిస్తదా అని అన్న అడగలే. అడగని దానికి జవాబిచ్చే అలవాటు మా ఇంట్ల లేదు.

సాయంత్రానికల్లా అన్న తన పాత ప్రేయసి పోస్టులన్నీ భక్తిగా సేవ్ చేసిండు. కాబోయే వదిన కూడా అదే నెట్‌వర్క్‌ల ఉంటది. అవన్నీ చూసి, అన్నకు ఫోన్ చేసి మెల్లగా అడిగింది: "ప్రకటన ఇంకో రెండు ఆదివారాలు చదువుతరు గదండీ. వచ్చే వారం నేను లేవాల్నా?"

ఇప్పుడు అన్న అన్నం ముట్టకుండ కూర్చొని, చెరిపే యాప్ ఏదన్నా ఉందా అని నన్నే అడుగుతుండు. మీలో ఎవరికన్నా తెలిస్తే, దయచేసి ఇక్కడ కామెంట్ల పెట్టకండి, వదిన అవి కూడా చూస్తది.