సుడిదోమలు వచ్చిన పెళ్ళి

అక్క పెళ్ళికి వారం ముందు మా చేలో సుడిదోమ పడింది. తణుకు దగ్గర మా ఊళ్ళో ఆ మాట వింటే ఎవరికీ అన్నం సహించదు. ఇది మనల్ని కుట్టే దోమ కాదు. వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చేసే నలుసంత పురుగు. తెగుళ్ళు కూడా మోసుకొస్తుందంటారు. పైరు గుండ్రంగా, సుడి తిరిగినట్టు ఎండిపోతుంది. మాదేమో గింజ పాలుపోసుకుంటున్న చేను. నాన్నగారు నీళ్ళు తీసేశారు, గాలీ వెలుతురూ ఆడేలా పైరు మధ్య పాయలు తీయించి దుబ్బుల మొదళ్ళు తడిసేలా మందు కొట్టించారు. శుభలేఖ ఇవ్వడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ దోమ గురించే మాట్లాడి వచ్చారు. అసలు నా పెళ్ళని ఆయనకి గుర్తుందా అని అక్క అలిగింది.

చేను మా ఇంటిని ఆనుకునే ఉంటుంది. పెళ్ళి సాయంత్రం టెంటు హౌస్ వాళ్ళు సీరియల్ సెట్లు వేశారో లేదో, పిలవని పేరంటానికి దోమలు దిగాయి. సాంబారులో పడ్డాయి, పెద్దమ్మ పట్టుచీర నిండా వాలాయి, సన్నాయి ఆయన ఊదడం ఆపి తుమ్మాడు. మగపెళ్ళివారు చెంపలు వాయించుకుంటుంటే అమ్మకి తల కొట్టేసినట్టయింది. నాన్నగారి మొహం మాత్రం వెలిగిపోయింది. ఇక్కడికొచ్చిన ప్రతి దోమా చేలోంచి పోయినట్టే కదా! వంటవాళ్ళ బేసిన్లు లాక్కొచ్చి, సర్ఫు నీళ్ళు పోసి, లైటు లైటు కిందా పెట్టారు. పెళ్ళి వీడియోలో ఎక్కడ చూసినా వెనకాల పట్టుపంచెలో బేసిన్ మోస్తూ ఆయనే.

కాళ్ళు కడిగే వేళకి ఆయన్ని వెతికి పట్టుకొచ్చి కూర్చోబెట్టాం. పళ్ళెంలో నీళ్ళు పడగానే దోమలు రాలడం మొదలైంది. పెళ్ళికొడుకు పాదాల చుట్టూ తేలుతున్నాయి. నాన్నగారు అవి చూసి, పరమానందంగా వియ్యంకుడి వైపు తిరిగారు.

"చూశారాండీ, ఎన్ని పడ్డాయో."

అడ్డుతెర వెనక అక్క పక్కున నవ్వింది. ఇంక మగపెళ్ళివారూ మేమూ అని లేదు, కడుపు పట్టుకుని నవ్వాం. మంత్రం ఎక్కడ ఆపారో పురోహితుడు గారికే గుర్తు రాలేదు.

మర్నాడు అక్క అత్తారింటికి వెళ్ళిపోయింది. చేను చూసొచ్చిన నాన్నగారు, దోమపోటు ఆగినట్టే ఉంది, గండం గడిచింది అన్నారు. సాయంత్రం టెంటు వాళ్ళు లైట్లు విప్పడానికి వస్తే ఇవాళ్టికి ఉంచమన్నారు. దోమల కోసమే అనుకుని నేను బేసిన్ నింపి పెట్టాను. చీకటి పడ్డా ఒక్కటీ పడలేదు.

"ఇంక రావట్లేదు నాన్నగారూ. తీసేయమని చెప్పనా?"

"ఉండనియ్యమ్మా," అన్నారాయన, చేను వైపు కూడా చూడకుండా. "అవి తీసేస్తే మీ అక్క పెళ్ళి అయిపోయినట్టే."